ఊరంతటినీ ఒక్కరనుకున్న లెక్క

తొమ్మిదేళ్లప్పుడు నిరోష ఒక ఆదివారం పొద్దంతా హాలియా బస్టాండులో నిలబడి బస్సులు లెక్కపెట్టింది. వాళ్లమ్మ నర్సింగమ్మ అక్కడే గేటు పక్కన జామకాయల గంప పెట్టుకుని కూర్చునేది. మిర్యాలగూడ బస్సు గంటసేపు రాదు. వచ్చినప్పుడు మాత్రం రెండు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఎందుకట్లా అని పిల్ల కండక్టరును అడిగితే, "అది గంతే" అన్నాడు. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు.

సాయంత్రానికి సంగతి తెలిసింది. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే స్టేజీల్లో జనం పెరుగుతారు. వాళ్లందరూ ఎక్కేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనుక వచ్చే బస్సుకు ఎక్కేవాళ్లు ఉండరు కనుక అది తొందరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఈ మాట చెబితే నర్సింగమ్మ గంప సర్దుకుంటూ, "గిది కనిపెట్టనీకె పొద్దుగాల్నుంచి తిండి తినకుంట నిలవడ్డవా?" అంది.

నిరోష స్వభావమే అంత. నల్లగొండలో పాలిటెక్నిక్ చేసి, అక్కడినుంచి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌లో చేరి, తెలంగాణ వచ్చిన ఏడాదే మొదటి ఉద్యోగం తెచ్చుకుంది. అది ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. చాలామంది ఆ పనిని చిన్నచూపు చూసేవాళ్లు. నిరోషకు మాత్రం జీతమిచ్చి మరీ ప్రశ్నలు అడగమంటున్నారని సంబరంగా ఉండేది. ఐదేళ్ల తరువాత ఆమె, రైతులు వరికోత మిషిన్లను ఫోన్లో బుక్ చేసుకునే ఏర్పాటు నడిపే ఒక కంపెనీలో చేరింది. అక్కడ తప్పులు వెతకడం కాదు, సర్వర్ల మీద నడిచే ప్రోగ్రాములు రాయడమే ఆమె పని.

ఆ కంపెనీ పేరు పంటదారి. మూడు రాష్ట్రాల్లో మిషిన్ల యజమానులు తమ మిషిన్లను అందులో పెడతారు. మర్నాటి కోతకు రైతు ముందురోజు పొద్దున బుక్ చేసుకోవాలి. సరిగ్గా ఆరు గంటలకు బుకింగు మొదలవుతుంది. కోతల కాలంలో ఆ ఒక్క నిమిషంలో లక్షల ఫోన్లు ఒకేసారి తలుపు తట్టేవి.

2022 వానాకాలం కోతలప్పుడు నర్సింగమ్మ ఒకరోజు బిడ్డకు ఫోన్ చేసింది. అప్పటికి ఆమె జామకాయలు మానేసి ఎకరంన్నర కౌలుకు చేస్తోంది.

"ఆరు గొట్టంగనే నొక్కిన బిడ్డా. కండ్లు మూసి తెరిచేలోపల అయిపోయినయ్ అంటాంది. ఎవలు గుంజుకపోతున్నరు?"

గుంజుకుపోతున్నది బ్రోకర్లు. వాళ్లు చేత్తో నొక్కరు. ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెడతారు. అది సెకనుకు వందసార్లు నొక్కి మిషిన్లను పట్టేస్తుంది. తరువాత వాళ్లు అవే మిషిన్లను ఎక్కువ కిరాయికి అదే రైతులకు ఇస్తారు. కంపెనీలో నిరోష పై అధికారి పరమేష్, కోస్గి మనిషి. వాళ్లది వానమీద ఆధారపడి కంది, జొన్న పండించే ఇల్లు. వరికోత మిషిన్ చేలో తిరగడం తాను ఉద్యోగంలో చేరాకే చూశానని అతనే చెప్పి నవ్వేవాడు. అతను నిరోషను పిలిచి, ఒక అకౌంటు నిమిషానికి ఐదుసార్లకు మించి మిషిన్ కోసం అడగకుండా కట్టడి పెట్టమన్నాడు. ఇట్లాంటి కట్టడిని ఆ వృత్తిలో రేట్ లిమిటర్ అంటారు.

నిరోష రెండు రోజుల్లో రాసింది. మూడోరోజు పొద్దున చూస్తే ఒక బ్రోకరు అకౌంటుకు నిమిషానికి నలభైసార్లు దారి దొరికింది.

"ఏడనో తప్పు పోయింది, మళ్ల చూడు," అన్నాడు పరమేష్.

"తప్పయితే ఒకపాలి ముప్పయ్యేడు, ఒకపాలి యాభై రావాలె గదన్నా. రోజూ లెక్క గొట్టినట్టు నలభయ్యే ఎందుకొస్తాంది?"

ఆమెను పట్టుకున్నది ఆ నలభయ్యే. కోడ్ మూడుసార్లు చదివినా తప్పు దొరకలేదు. మధ్యాహ్నం అన్నం తింటూ, తమకు ఎన్ని సర్వర్లున్నాయో వేళ్లమీద లెక్కపెట్టింది. ఎనిమిది. ఒక్కో సర్వరూ తన దగ్గరికి వచ్చినవాళ్లనే లెక్కపెడుతోంది. పక్క సర్వరు ఎన్నిసార్లు ఒప్పుకుందో దానికి తెలియదు. ఎనిమిది కిటికీల దగ్గర ఎనిమిది మంది గుమాస్తాలు కూర్చుని, ప్రతివాడూ "నా దగ్గర ఐదే" అని నిజాయితీగా చెబుతున్నట్టే. తప్పు చేసినవాడు ఎవడూ లేడు, కానీ మొత్తం నలభై.

అప్పుడామె లెక్కనంతా ఒకే యంత్రంలో పెట్టి, ఎనిమిది సర్వర్లూ దాన్నే అడగాలని మార్చింది. మర్నాడు ఆరింటికి అన్నీ ఒకేసారి దాని మీద పడ్డాయి. దానికి ఊపిరాడలేదు. జవాబు రాకపోతే సర్వరు ఏం చేయాలో నిరోష ఆలోచించి రాయలేదు. అందుకని అవి అందరినీ వద్దని పంపేశాయి. పదకొండు నిమిషాలు మూడు రాష్ట్రాల్లో ఒక్క మిషిన్ కూడా బుక్ కాలేదు.

ఆ రోజు ఆమెను ఎవరూ తిట్టలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. వారం కూర్చుని పని మళ్లీ మొదటినుంచీ చేసింది. అకౌంటు నంబరు చివరి అంకెను బట్టి లెక్కను నాలుగు యంత్రాలకు పంచింది. ఒకే అకౌంటు ఎప్పుడడిగినా ఒకే యంత్రం దగ్గరికి వెళుతుంది కనుక లెక్క తప్పదు, బరువూ ఒకదాని మీదే పడదు. లెక్క యంత్రం పలకకపోతే సర్వరు తన సొంత అందాజుతో జనాన్ని పోనిస్తుంది. కోతలు అయిపోయేలోపల నలభై మళ్లీ ఐదైంది.

బ్రోకర్లు ఊరుకుంటారా? ఆ తరువాతి యాసంగి (రబీ) కోతలకు, అంటే 2023 ఏప్రిల్‌కు, వాళ్లు ఒక్క అకౌంటు బదులు వందల అకౌంట్లతో వచ్చారు. ప్రతిదీ ఐదుసార్లే అడుగుతుంది, కట్టడి మీరినట్టే కనిపించదు. అప్పుడు నిరోష ఇంకో కట్టడి పెట్టింది. ఇంటర్నెట్‌లోకి వచ్చే ప్రతి కనెక్షనుకూ ఒక నంబరు ఉంటుంది, ఇంటి నంబరులాగా. ఒకే నంబరు నుంచి, పేజీ తెరవడంతో సహా, నిమిషానికి అరవైకి మించి ప్రయత్నాలు వస్తే ఆ నంబరుకు పావుగంట తలుపు మూసేయాలి. సెల్ కంపెనీలు వేలమంది ఫోన్లను ఒకే నంబరు వెనుక పంపిస్తాయని ఆమెకు తెలుసు. ఆ నంబర్లను ముందే మినహాయించింది. అన్నీ ఆలోచించాననే అనుకుంది.

పెట్టిన మొదటి రోజే బ్రోకర్ల జోరు సగానికి పైగా పడిపోయింది. పరమేష్ ఆఫీసులో అందరికీ సమోసాలు తెప్పించాడు.

నాలుగైదు రోజులకు, తలుపు మూసిన నంబర్ల జాబితా చూస్తుంటే ఒకదాని దగ్గర నిరోష చూపు ఆగింది. కేతేపల్లి వైపు ఎక్కడిదో. రోజూ ఆరింటికి ఇరవై సెకన్లలోనే అరవై దాటి మూతపడుతోంది. బుకింగు పూర్తికావడానికి పేజీ తెరవాలి, ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు కొట్టాలి, మిషిన్ ఎంచుకోవాలి, ఇట్లా ఆరేడు పనులుంటాయి, ఒక్కోటీ ఒక ప్రయత్నం కిందే లెక్క. అవి కాకముందే తలుపు పడుతోంది కనుక అక్కడినుంచి ఒక్క బుకింగూ లేదు.

"బ్రోకరే. దొరికిండు, మంచిగైంది," అన్నాడు పరమేష్.

"బ్రోకరయితే ఫోనుకొచ్చిన నంబరు తప్పు కొడ్తడా అన్నా? ఈడ పదిమంది తప్పు కొట్టిన్రు. ఒకరు ఊరి పేరు మూడు తీర్ల రాసిన్రు. ఆరూ నలభై దాంక కొట్టి ఆపేస్తున్నరు. మళ్ల ఏడుంబావుకు ఒకటే ప్రయత్నం, రోజూ. ప్రోగ్రాం గింత తడవడ్తదా?"

పరమేష్ తెరవైపు వంగి చూశాడు. "ఏడుంబావుకు ఒక్కటే ఎందుకొస్తున్నట్టు?" అన్నాడు ఈసారి తనే.

ఆ నంబరు నుంచి ప్రయత్నించిన అకౌంట్లలో ఒకదానికి నిరోష ఫోన్ చేసింది. ఎత్తినామె పేరు గోపమ్మ. ఊళ్లో మహిళా సంఘం లీడరు.

"మిషిన్ల కంపెనీ నుంచా? మీకు మనుషులు గూడ ఉంటరా? నేను ఫోనే మాట్లాడ్తదనుకున్న," అంది గోపమ్మ. "ఏమయితాందో ఫోన్ల చెప్తె తెలుస్తదా చెల్లె? కండ్ల జూస్తె తెలుస్తది. రా."

నిరోష సూర్యాపేట బస్సెక్కి గురువారం సాయంత్రానికి ఆ ఊరు చేరింది. రాత్రి గోపమ్మ ఇంట్లోనే పడుకుంది. పొద్దున ఐదున్నరకు ఇద్దరూ సంఘం బిల్డింగు దగ్గరికి నడిచారు. ఊరికి ఒక పక్క గుట్ట అడ్డం, సెల్ సిగ్నల్ మాటలకు, మెసేజీలకు సరిపోతుంది గానీ ఇంటర్నెట్ అందదు. సంఘం వాళ్లు ఆ ఏడే కేబుల్ ఇంటర్నెట్ పెట్టించుకున్నారు. బుకింగు వేళకు ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది.

అరుగు మీద, మెట్ల మీద, ఎదురుగా ఆపిన ట్రాక్టరు ట్రాలీ మీద నలభై మందికి పైగా ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. కొందరి దగ్గర రెండేసి, పక్కింటివాళ్లవి కూడా. ఆరైంది. అందరూ ఒకేసారి నొక్కారు. నిరోష మెట్టు మీద గోపమ్మ పక్కనే కూర్చుని ఆమె ఫోన్లోకే చూస్తోంది. పేజీ తెరుచుకుంది. ఓటీపీ నంబరు వచ్చింది. గోపమ్మ అద్దాలు సర్దుకుని మూడంకెలు కొట్టేలోపల తెర మీద ఎర్రటి గీతల మధ్య ఒక మాట వచ్చింది. "మీరు చాలా ఎక్కువసార్లు ప్రయత్నించారు. కాసేపు ఆగండి."

ఆ మాట నిరోష రాసిందే. తెలుగులో మర్యాదగా ఉండాలని రెండుసార్లు దిద్ది మరీ రాసింది.

"సూసినవా? నేను నొక్కింది ఒక్కపాలే," అంది గోపమ్మ. "ఎక్కువ ఎక్కువ అంటదేంది?"

అరుగంతా అదే గొణుగుడు. నిరోష లేచి నిలబడింది. ఇది ఫోన్ల తప్పు కాదని, ఈ కట్టడి రాసింది తనేనని చెప్పింది. అందరూ ఒకే ఇంటర్నెట్ వాడుతున్నారు కనుక కంపెనీ దగ్గర అందరి నంబరూ ఒకటే కనబడుతుందని, అన్నిసార్లు అడుగుతున్నది ఒక్క మనిషే అని లెక్క అనుకుంటుందని వివరించింది.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఎల్లేశం అనే పెద్దాయన అడిగాడు.

"అంటె బిడ్డా, గింతమందిని ఒక్కలే అనుకున్నదా?"

"అవును పెద్దబాపు."

"మరి ఆ ఒక్కలు ఎవలనుకున్నదో?"

"దొంగ అనుకున్నది," అంది నిరోష. అబద్ధం చెప్పాలనిపించలేదు.

ట్రాలీ మీద ఎవరో నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు. ఆయనదే ఆ ఏడుంబావు ప్రయత్నం. ఇంటికి పోయి బర్రె పాలు పిండి, డెయిరీలో పోసి, అప్పటికైనా మిషిన్ మిగిలి ఉంటుందేమోనని వచ్చి ఒకసారి నొక్కి పోయేవాడు. ఆయన ఎకరంన్నర కోతకొచ్చి ఆరు రోజులైంది. చేలో ఇంకా తేమ ఉంది, టైర్ల మిషిన్ దిగబడుతుంది కనుక చైన్ మిషినే కావాలి. చుట్టుపక్కల చైన్ మిషిన్లన్నీ పంటదారిలోనే ఉన్నాయి.

నిరోష అక్కడినుంచే పరమేష్‌కు ఫోన్ చేసింది. ఆ నంబరుకు తలుపు పది నిమిషాల్లో తెరిచాడు. అప్పటికి ఆ రోజు మిషిన్లు అయిపోయాయి. "రేపు పొద్దున తప్పకుంట అయితది," అని ఆమె ఎల్లేశంకు చెప్పింది.

ఆ రోజంతా నిరోష ఊళ్లోనే తిరిగింది. ఎవరు ఎట్లా బుక్ చేస్తారు, ఎవరి చేను ఎప్పుడు కోతకొచ్చింది అని అడుగుతూ పోయింది. గోపమ్మ వెంట ఉంది. అప్పుడు తెలిసిందేమంటే, ఊళ్లోవాళ్లు తమలో తాము పోటీ పడటం లేదు. ముందురోజు సాయంత్రమే గోపమ్మ దగ్గర కూర్చుని ఎవరి చేను ఎక్కువ పండిందో, ఎవరి చేలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయో మాట్లాడుకుంటారు. ఒక మిషిన్ దొరికితే పక్కపక్క నాలుగు చేలు కోసి పోతుంది.

"మరి అందరెందుకు నొక్కుతున్నరక్కా?"

"ఎవలికి దొరుకుతదో ఏమెరుక? ఎవలికి దొరికినా ఊరికి దొరికినట్టే," అంది గోపమ్మ. తరువాత, "నన్నడిగితె గా ఆరు గంటల లొల్లి ఎందుకు పెట్టిన్రు? పగటీలి పెడ్తె ఏమయితది? అందరియి రాసుకోని, పొద్దూకినంక ఎవలికెవలిచ్చేది చెప్పరాదా?" అని అడిగింది.

ఆరు గంటలే ఎందుకో నిరోష ఎన్నడూ అడగలేదు. అన్నీ అడిగే మనిషి అదొక్కటి ఎందుకు అడగలేదా అని తనకే వింతగా తోచింది.

నాలుగింటికి పడమర నల్లబడింది. గాలి లేచి, వెనకనే రాళ్లవాన పడింది. అరగంట కూడా పడలేదు. వెలిశాక ఎల్లేశం చేనుకు పోయి చూస్తే సగానికి పైగా నేలకు పడుకుంది. గింజ బురదలో రాలి ఉంది. ఆయన గట్టు మీద నిలబడి ఒక కంకి తీసి చేతిలో నలిపాడు.

నిరోష చేలోకి దిగి, పడిపోయిన దుబ్బును లేపి నిలబెట్టబోయింది.

"వాన నువ్వు తెచ్చినవా బిడ్డా, ఊకో," అన్నాడు ఎల్లేశం. నలిపిన కంకిని కింద పడేసి, "గని మిషిను దొరికుంటె మొన్ననే కోసేటోణ్ని," అన్నాడు.

ఆ రెండు మాటలూ నిజమే. హైదరాబాద్‌కు తిరిగిపోతూ బస్సులో ఆమె రెండింటినీ మనసులో అట్లాగే ఉంచుకుంది. మొదటి మాటతో రెండోదాన్ని చెరిపేయడానికి మనసొప్పలేదు.

సోమవారం ఆఫీసులో ఆమె కనిపించిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగింది. బుకింగు ఆరు గంటలకే ఎందుకు? డ్రైవర్లకు అనుకూలం కావచ్చు అన్నారొకరు. డ్రైవర్లను అడిగితే మాకేం సంబంధం లేదన్నారు. రైతులు పొద్దున లేస్తారు కదా అన్నారింకొకరు. చివరికి కంపెనీ పెట్టిన మొదటి నెల నాటి పాత కోడ్ తీసి చూస్తే, ఆ ఆరు అనే అంకె రాసిన మనిషి పేరు కనబడింది. పరమేష్.

"నేనేనా?" అని పరమేష్ తెల్లబోయాడు. చాలాసేపు ఆలోచించి, "పరీక్ష చేద్దామని ఏదో ఒక టైం పెట్టాలె గదా అని పెట్టిన. తర్వాత ఎవ్వరూ మార్చలే," అన్నాడు.

"అంటె గీ తొక్కులాట మనమే పెట్టి, తొక్కుతున్నరని మనమే తలుపులు మూస్తున్నం," అంది నిరోష.

పరమేష్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కాగితం మీద గీయడం మొదలుపెట్టారు. పొద్దుటినుంచి సాయంత్రం నాలుగు దాకా ఎప్పుడైనా అడగొచ్చు. ముందు నొక్కినవాళ్లకు ముందు అనేది ఉండదు. సాయంత్రం ఒకేసారి, పక్కపక్క చేలు కలిసేటట్టు, ఎక్కువ రోజులు ఆగినవాళ్లకు ముందు దక్కేటట్టు పంపకం జరుగుతుంది. అప్పుడు సెకనుకు వందసార్లు నొక్కినా బ్రోకరుకు ఒరిగేదేమీ లేదు. పైవాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఆరింటికి అంతమంది రావడాన్ని వాళ్లు కంపెనీ బలమని అందరికీ చూపించుకునేవాళ్లు. నిరోష ఆ కేతేపల్లి నంబరు లెక్కలన్నీ వాళ్ల ముందు పెట్టి, ఒక్కో ప్రయత్నం వెనుక ఎవరున్నారో పేరుపేరునా చెప్పింది. ఒక్క మండలంలో చేసి చూడటానికి ఒప్పుకున్నారు.

ఆ వానాకాలం ఒక్క మండలంలో చేశారు. మరుసటి యాసంగికి అన్నిచోట్లా పెట్టారు. సర్వర్ల రద్దీ చూపే తెర మీద, ఆరు గంటలకు గుట్టలా లేచే గీత బల్లపరుపుగా పడుకుంది. కట్టడి పోలేదు. ఆమె రాసిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది, నాలుగు యంత్రాల మీదే. కనెక్షను నంబరును బట్టి తలుపు మూయడం మాత్రం ఆపేశారు. ఒకే నంబరు నుంచి ఎక్కువమంది వస్తే ఇప్పుడు ఒక మనిషి ఆ ఊరికి ఫోన్ చేసి కనుక్కుంటాడు. బ్రోకర్లు పూర్తిగా పోలేదు. లేని చేలకు అడగడం నేర్చుకున్నారు, దాని సంగతి వేరే నడుస్తోంది. ఎల్లేశంకు పోయిన పంట పోయినట్టే. ఆయన మరుసటి ఏడు సగం చేనులో వరి మానేసి పెసర వేశాడు. అది మిషిన్ల వల్లనా, నీళ్ల వల్లనా అని నిరోష అడిగితే, "రెండూ గాదు, పెసరపప్పు తినబుద్ధయింది," అన్నాడట.

పోయిన ఏడు కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీర్ల ముందు మాట్లాడమని నిరోష గోపమ్మను హైదరాబాద్ పిలిపించింది. గోపమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, పెద్ద బల్ల చివర కూర్చుని, చల్లటి గదిలో కొంగు కప్పుకుంది. పంపకం ఎట్లా జరుగుతుందో పిల్లలు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. ఆమె అంతా శ్రద్ధగా విన్నది.

"మంచిగనే ఉన్నది," అంది. "మరి నాలుగింటికి మిషినిచ్చిన్రు. తెల్లారి ఆ మిషిను తొవ్వల ఖరాబైంది. అప్పుడు గా నాలుగు చేలోళ్లు ఎవలి దగ్గరికి పోవాలె?"

పరమేష్ నిరోష వైపు చూశాడు. నిరోష అప్పటికే కాగితం ముందుకు లాక్కుని, "అక్కా, పోయిన పంటకు అట్ల ఎన్నిమాట్లయింది? మొదటిది యాదికున్నదా?" అని అడుగుతోంది.